బువ్వ తినే సేతేపు

మా యూనివర్సిటీలో నా తెలుగుకి ఒక పేరుంది. మంచిపేరనే నేననుకుంటాను. ఇంజనీరింగ్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుగా పదహారేళ్లబట్టి ఫైళ్లు రాస్తున్నాను. వైస్ ఛాన్సలర్ గారి స్వాగతపత్రం నుంచి మరుగుదొడ్డి గోడ మీద హెచ్చరిక దాకా తెలుగులో ఏది కావలసివచ్చినా "సీతారామారావుని పిలవండి" అంటారు. పిలిస్తే వెళతాను. పిలవకపోతే తప్పులు రాసి పెడతారు. ఆ తప్పుల కింద నుంచి రోజూ నడిచి వెళ్లడం నా వల్ల కాదు. ఎక్కడైనా ఒక ఒత్తు ఎగిరిపోయి కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సహించదు. మా ఆవిడకి తెలుసు, అడిగి చూడండి.

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో, రామతీర్థం కొండ కనిపించేంత దూరంలో, జీడితోటలు కొట్టి కట్టిన క్యాంపస్ మాది. పద్నాలుగు భవనాలు. ఒకే కాంట్రాక్టరు, ఒకే నమూనా, ఒకే గంధం రంగు. కొత్తగా చేరిన లెక్చరరు ఒకాయన వారం రోజులపాటు వేరే డిపార్టుమెంటు పిల్లలకి పాఠం చెప్పి, ఇంత శ్రద్ధగా వినే పిల్లల్ని ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, ఎనిమిదో రోజున సంగతి తెలుసుకున్నాడు. ఫోన్లో మ్యాపు చూసుకుందామంటే అందులో మేమింకా జీడితోటగానే ఉన్నాం.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. చూపులేనివారితో సహా ఎవరైనా సరే, ఒకరి సాయం లేకుండా క్యాంపస్ అంతా తిరగగలిగేలా దారి చూపే బోర్డులు పెట్టాలి, డిసెంబరులో తనిఖీకి వస్తాం అని దాని సారాంశం. బోర్డులు పెట్టే పని మా ఇంజనీరు విజయ్‌కుమార్ గారికి, వాటి మీద మాటలు రాసే పని నాకు అప్పజెప్పారు.

నాకు పండగే అయింది. లైబ్రరీ అని ఎవరు రాస్తారు? "జ్ఞానవాటిక" అన్నాను. క్యాంటీన్ని "అన్నపూర్ణా ప్రాంగణము" చేశాను. ఆఫీసు "పరిపాలనా సౌధము" అయింది. సిగరెట్లు కాల్చకూడని చోట "ధూమపాన నిషిద్ధ ప్రదేశము" అని పెట్టాను. కుడి, ఎడమల దగ్గరకొచ్చేసరికి కలం ఆగింది. కుడి అనగానే నాకు కుడితి గుర్తొస్తుంది. విశ్వవిద్యాలయంలో కుడితి ఏమిటి? దక్షిణమంటే కుడి అనే అర్థం ఉంది కదా అని "దక్షిణ పార్శ్వము" అన్నాను. ఎడమకి "వామ పార్శ్వము". చదివిన విజయ్‌కుమార్ గారు బుర్ర గోక్కుని, "బాగున్నాదండీ, ఏటో గుడికొచ్చినట్టున్నాది" అన్నారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఆ దక్షిణమే ఒక పిల్లని గోతిలో పడేసింది.

గౌరి అని, ఎమ్మే సోషల్ వర్క్ మొదటి సంవత్సరం. గజపతినగరం దగ్గర పల్లెటూరు. పుట్టుకతోనే చూపు లేదు. హాస్టల్లో ఆమె గదిలో ఉండే హర్షిత రోజూ క్లాసుకి తీసుకెళ్లేది. ఒకనాడు హర్షితకి జ్వరమొచ్చింది. ఆ రోజే గౌరికి పరీక్ష. ఫర్వాలేదు, బోర్డు మీద ఏముందో చెప్పు చాలు, నేను వెళ్లగలను అంది గౌరి. మూడు దారుల దగ్గర బోర్డు చదివిన గుర్తుంది కనుక హర్షిత ఉన్నదున్నట్టు చెప్పింది, అక్కడ దక్షిణంగా తిరగాలని.

గౌరి చేతికర్రతో మూడు దారుల దగ్గరికొచ్చింది. పొద్దుటి ఎండ వీపుకి తగులుతోంది. అంటే మొహం పడమరకి ఉంది. పడమరకి నిలబడితే దక్షిణం ఎడంచేతి వైపు. ఇందులో ఆ పిల్ల లెక్కలో తప్పెక్కడుంది, మీరే చెప్పండి. ఎడమకి తిరిగింది. క్లాసులున్నది కుడివైపు. ఎడమవైపు ఉన్నది పంపుహౌసు, దాని పక్కన పైపుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి. మోకాళ్లు కొట్టుకుపోయాయి, పరీక్ష పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం నా బల్ల ముందుకి ఒక ముసలావిడ వచ్చి నిలబడింది. డెబ్భై ఏళ్లుంటాయి. గోచీ పోసి కట్టిన చీర, చెవులకి బరువైన బంగారు తమ్మెట్లు, చేతిలో సంచి. ఆమె వెనక మోకాళ్లకి కట్లతో గౌరి.

"దచ్చినం రాసిన బావు నువ్వేనేటి?" అంది ముసలావిడ.

"దక్షిణమమ్మా" అన్నాను.

"అదే. దచ్చినం పంతులికిస్తారు. దారికి దచ్చినం ఏటి బావూ?"

"అంటే కుడి అని అర్థం."

"మరి కుడి అని రాస్తే నీ సెయ్యి పడిపోద్దా?"

పక్క సీటులో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తిక్క రేగింది. భాషంటే గౌరవం ఉండాలని, ఇది చదువుల చోటని ఏదో మొదలుపెట్టాను. ఆవిడ వినిపించుకోలేదు. గౌరి లంగా అంచు కాస్త పైకెత్తి కట్లు చూపించింది. నేను నోరు మూసుకున్నాను.

ఆవిడ పేరు బుల్లమ్మ, గౌరికి నాయనమ్మ. మనవరాల్ని "గుంటా" అని పిలుస్తుంది. ఇంట్లో ఆవిడ మాటే మాటని చూడగానే తెలిసిపోతుంది. మనవరాల్ని తీసుకుపోవడానికి వచ్చింది. గౌరి ఏడ్చి, బతిమాలి, చివరికి ఒక ఒప్పందానికి దింపింది. గౌరి హాస్టల్ వార్డెన్ని కాళ్లావేళ్లా పడి అడిగితే డిసెంబరు తనిఖీ దాకా నాయనమ్మ హాస్టల్లో ఉండడానికి ఒప్పుకున్నారు. ఈలోగా గౌరి తనంతట తాను హాస్టల్ నుంచి క్లాసుకి, క్లాసు నుంచి లైబ్రరీకి తిరగగలిగితే చదువుతుంది. లేకపోతే మూట కట్టుకుని ఇంటికి.

"నాకు కల్లున్నన్నాల్లూ నాను సూపిస్తాను. తరవాతెవుడు సూపిస్తాడు? నీ బోర్డు సూపిస్తాదా?" అని నన్నడిగింది బుల్లమ్మ.

"చూపిస్తుంది" అన్నాను, పౌరుషం కొద్దీ. అన్నాక భయమేసింది. ఒకరి చదువు నా బోర్డుకి వేలాడడం నాకు అదే మొదటిసారి.

*

చూపులేనివాళ్లు వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీ. ఆ చుక్కల రేకులు విశాఖపట్నంలో చేయించి, ప్రతి బోర్డు కిందా బిగించాలని నిర్ణయమైంది. ముందు నమూనాకి ఇంగ్లీషు చుక్కల రేకు ఒకటి తెప్పించారు. విజయ్‌కుమార్ గారు ఫిట్టర్ రాంబాబుని పిలిచి, బోర్డంటే దూరం నుంచి కనబడాలి కాబట్టి తొమ్మిదడుగుల ఎత్తున బిగించమన్నారు. రాంబాబు నిచ్చెనేసి బిగించాడు. గౌరిని పిలిచి చదవమన్నాం. ఆ పిల్ల స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఎక్కడున్నాది సార్?"

"పైన."

"ఎంత పైన?"

"తొమ్మిదడుగులు" అన్నారు విజయ్‌కుమార్ గారు గర్వంగా.

"రోజూ ఏనుగెక్కి రమ్మంటారేటి సార్?" అంది గౌరి.

రాంబాబు దాన్ని గుండె ఎత్తుకి దింపాడు. గౌరి తడిమి, "ఇప్పుడు తలకిందులుగా ఉన్నాది" అంది. చుక్కలకి తలేదో తోకేదో తనకేం తెలుసునని రాంబాబు అలిగాడు. చివరికి ప్రతి రేకుకీ పై అంచున ఒక గాటు పెట్టాలని గౌరే ఉపాయం చెప్పింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. విశాఖపట్నం వాళ్లు రేకు మీద చుక్కలు ఎత్తగలరు కానీ తెలుగుని చుక్కల్లో రాయలేరట. కాగితం మీద చుక్కలు పొడిచి పంపితే అచ్చం అలాగే చేస్తామన్నారు. క్యాంపస్ మొత్తం మీద ఆ విద్య తెలిసినవాళ్లు ముగ్గురే. అందులో గౌరి చేతిరాత శుభ్రంగా ఉంటుందని తక్కిన ఇద్దరూ అన్నారు. బ్రెయిలీ పలక, పొడిచే మేకు గౌరి దగ్గరున్నాయి. పద్నాలుగు భవనాలు, నాలుగు కూడళ్లు, మా సెక్షన్ గుమ్మం. పందొమ్మిది రేకుల మాటలు నేను చదువుతూ ఉంటే గౌరి ఫోన్లో రికార్డు చేసుకుంది.

అయ్యాక అడిగింది, "సార్, ఈ మాటలే ఉండాలా?"

"ఒక్క అక్షరం మారినా ఊరుకోను."

"పార్శ్వమంటే మా ధర్మేంద్రకి కూడా తెలీదు సార్."

ధర్మేంద్ర అంటే బీఈడీ చదువుతున్నవాడు, చూపులేని ముగ్గురిలో ఒకడు. "తెలియకపోతే తెలుసుకోమను" అన్నాను. బోర్డు విషయంలో ఒకసారి దెబ్బ తిన్నానని "దక్షిణ"కి బదులు "అపసవ్యేతర" అని, అంటే ఎడమ కానిదని, మార్చి, ఇంక ఏ అనుమానానికీ తావులేదని సంతోషించాను కూడా. మనిషికి బుద్ధి ఒక దెబ్బతో రాదు.

ఆ తరవాత పది రోజులు నాయనమ్మా మనవరాలూ క్యాంపస్ అంతా తిరిగారు. నా కిటికీలోంచి కనబడేవాళ్లు. బుల్లమ్మ ఒక చేత్తో గౌరి చెయ్యి పట్టుకుని, ఆపకుండా మాట్లాడుతూ నడిచేది. ఇంకో చేతిలో చుట్ట. ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. అందుచేత బయటికి నిప్పు కనబడదు. నా "ధూమపాన నిషిద్ధ ప్రదేశము" బోర్డు కిందే నిలబడి ఆవిడ పొగ పీలుస్తుంటే సెక్యూరిటీ వాడు మూడుసార్లు వచ్చి, నిప్పు ఎక్కడా కనబడక, వాసన పీల్చుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు.

గౌరి పొడిచిన కాగితాలు తెచ్చిచ్చింది. దొంతర కాస్త లావుగానే ఉంది. నేను రాసిచ్చింది బోర్డుకి నాలుగు మాటలు, వచ్చింది ఒక్కొక్కటి ఆరేడు వరసల చుక్కలు.

"ఇంత పొడుగేమిటమ్మా?"

"బ్రెయిలీకి చోటెక్కువ పడతాది సార్" అంది గౌరి, మొహం కదపకుండా.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, నేను తలూపి కాగితాల మీద వేలితో ఒకసారి తడిమి, ఫైల్లో "మూలముతో సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టాను. నా కింద విజయ్‌కుమార్ గారు పెట్టారు. దాని మీద రిజిస్ట్రారు గారు పెట్టారు. ముగ్గురిలో ఒక్కరికీ ఒక్క చుక్క కూడా రాదు.

*

నవంబరు చివర్లో రేకులు బిగించడం పూర్తయింది. అప్పటి నుంచి నాకొక అనుమానం పట్టుకుంది. ధర్మేంద్ర బోర్డుల దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "జ్ఞానవాటిక" అనే మాటలో నవ్వేందుకు ఏముంది? ఒకరోజు మూడు దారుల దగ్గర రేకు తడుముతూ పొట్ట పట్టుకుని కూలబడిపోయాడు. ఏమిట్రా అని అడిగితే, "మీ తెలుగు భలే ఉంటాది సార్" అన్నాడు. నేను పొంగిపోయి థాంక్స్ చెప్పాను. ఆ థాంక్స్ తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

గౌరి మాత్రం తప్పకుండా నడుస్తోంది. హాస్టల్, క్లాసు, లైబ్రరీ, క్యాంటీను. కానీ బుల్లమ్మ ఒప్పుకోలేదు. తాను ఇరవై అడుగుల వెనక వస్తుంటే, ఆ పొగ వాసన పట్టుకునే పిల్ల నడుస్తోందని ఆవిడ నమ్మకం.

"పొగ ఎనక ఉంటే వాసన ముందల దారెలా సూపిస్తాదే మామ్మా?" అని గౌరి.

"గాలి తిరుగుద్ది గదే."

"ఒక్కపాలి రాకుండా ఇక్కడే కూకోవే."

"కూకోలేను. నువ్వు గోతికాడికి ఎల్లేసరికి నా కాల్లు వాటంతటవే లేస్తన్నాయి" అంది బుల్లమ్మ. అది పంతం కాదు, భయం. ఆవిడ గొంతులో మొదటిసారి విన్నాను.

మర్నాడే తనిఖీ. సాయంత్రం బుల్లమ్మ సంచీ సర్దుకోవడం కనిపించింది. రెండు సంచులు సర్దింది. రెండోది గౌరిది.

*

తనిఖీకి హైదరాబాదు నుంచి జగన్నాధం గారని ఒకాయన వచ్చారు. అరవై దాటిన మనిషి, అనంతపురం జిల్లా వారట. తెల్ల చొక్కా, తెల్ల కర్ర. ఆయనకీ చూపు లేదు. ఈ సంగతి మాకెవరూ ముందు చెప్పలేదు. కారు దిగిన మనిషిని చూడగానే విజయ్‌కుమార్ గారు నా వైపు తిరిగి, "సదువుతాడేటండీ మరి?" అని గొణిగారు. చదవకపోతే ఎందుకు పెట్టామండీ అన్నాను ధీమాగా.

వీసీ గారు, రిజిస్ట్రారు గారు, మేము, మా వెనక గౌరి, ధర్మేంద్ర. బుల్లమ్మ రాలేదు. పెద్దోళ్లున్న చోట చుట్ట తాగడానికి కుదరదని లైబ్రరీ దగ్గర కూర్చుంది.

తిన్నగా మూడు దారుల దగ్గరికే వెళ్లాం. జగన్నాధం గారు స్తంభం తడిమి, రేకు దొరికించుకుని, రెండు చేతుల వేళ్లూ దాని మీద పెట్టారు. వేళ్లు కుడికి జరిగాయి. ఆగాయి. వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టాయి.

"గట్టిగా చదవండి సార్, మేమూ వింటాం" అన్నారు వీసీ గారు.

ఆయన చదివారు. "ఇది మూడు దార్లు కలిసిన సోటు. క్లాసులకెల్లాలంటే బువ్వ తినే సేతేపు తిరుగు."

ఆయన రెండో వరసలోకి దిగారు.

"కడుక్కునే సేతేపు తిరిగినావంటే గోతిలో పడతావు. మా గుంట పడినాది."

ధర్మేంద్ర నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. వీసీ గారి మొహం ఎర్రబడింది. రిజిస్ట్రారు గారు ఎందుకో తన ఎడంచేతిని జేబులో పెట్టుకున్నారు. అపసవ్యేతర ఎక్కడ, పార్శ్వము ఎక్కడ? బోర్డు మీద పైన నా అక్షరాలు అలాగే మెరుస్తున్నాయి. కింద, మా కళ్లముందే, మూడు వారాలుగా ఇంకెవరిదో మాట.

"ఈ రాత ఎవరిది?" అన్నారు వీసీ గారు.

విజయ్‌కుమార్ గారు ఫైలు తెరిచి నా సంతకం మీద వేలు పెట్టారు. ఆ వేలు తన సంతకానికి అడ్డంగా పెట్టడం కూడా మరవలేదు. నా వెనక నుంచి గౌరి, "సార్, అది నాను..." అంటూ ముందుకి రాబోయింది.

నిజం చెబుతాను. ముందు నాకొచ్చింది కోపమే. ఒక్క మాట, ఈ పిల్ల నన్ను మోసం చేసింది అంటే చాలు, నేను బయటపడతాను. పిల్ల మీద చర్య, హాస్టల్ సీటు రద్దు. బుల్లమ్మ సంచులు ఎలాగూ సర్దే ఉన్నాయి. కానీ ఆ రెండో వరస నన్ను వదలలేదు. మా గుంట పడినాది. పడేసింది ఎవరో రేకు మీద రాయలేదు. రాసి ఉండవలసింది.

"నాదేనండి" అన్నాను. "సరిచూసింది నేనే. దక్షిణమని రాసి ఆ పిల్లని గోతిలో పడేసిందీ నేనే."

వీసీ గారు ఏదో అనబోయారు. జగన్నాధం గారు చెయ్యెత్తారు. "ఉండండి. దక్షిణం సంగతి తర్వాత. నా వెనక ఎవరూ రాకండి. మాట్లాడకండి" అని, కర్ర తాటించి, బువ్వ తినే చేతి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టారు.

మేమంతా తేలు కుట్టిన దొంగల్లా అక్కడే నిలబడి చూస్తున్నాం. ఆయన క్లాసుల భవనం దగ్గర ఆగారు, రేకు చదివారు, ఒక్కరే నవ్వుకున్నారు. అక్కడి నుంచి లైబ్రరీ దారి పట్టారు. ఒకచోట తప్పి కారుషెడ్డు వైపు నాలుగడుగులు వేశారు. ఆయన ఆగి, చెప్పుతో నేల రాసి చూసుకుని, తనంతట తానే వెనక్కి వచ్చారు.

"ఎలా తెలిసింది?" అన్నారు వీసీ గారు, గొంతు తగ్గించి.

"క్లాసుల కాడి రేకు మీద ఉన్నాది సార్" అంది గౌరి. "కాలి కింద గరుగ్గా ఉంటే దారి మంచిదే, నున్నగా తగిలితే కార్ల సెడ్డు, ఎనక్కి వచ్చీ."

ఇంక ఉండబట్టక మేము కూడా బయల్దేరి, లైబ్రరీ మెట్ల దగ్గరికి చేరేసరికి, జగన్నాధం గారు అక్కడి రేకు చదువుతున్నారు. పక్కనే అరుగు మీద బుల్లమ్మ. అడ్డపొగ నోట్లోనే ఉంది.

"పుస్తకాలిల్లు. మెట్లు తొమ్మిది, నాలుగోది పగిలిపోనాది, సూసుకో. అలిసిపోతే పక్కనే అరుగున్నాది, సల్లగాలొస్తాది, కాసేపు కూకో."

బుల్లమ్మ చుట్ట తీసేసింది.

"అవి నా మాటలు గదేటి?"

"మీవేనా తల్లీ?"

"ఈ గుంటకి సెప్పిన మాటలు. సెయ్యట్టుకుని తిప్పినప్పుడు సెప్పినాను." ఆవిడ లేచి వచ్చి రేకుని తేరిపార చూసింది. వేలితో ముట్టుకుంది. "సదువురాని దాన్ని. నా మాట ఇనప రేకు మీద ఎవుడు రాసినాడు?"

"నానే మామ్మా" అంది గౌరి. "సారు సెప్పింది అర్థం కాలేదు. నువ్వు సెప్పింది రాసీసినాను."

బుల్లమ్మ మనవరాలి వైపు చూడలేదు. జగన్నాధం గారినే చూస్తోంది. ఆయన నల్ల కళ్లద్దాలు, కర్ర, చెప్పుల మీద ఎర్రమట్టి. తరవాత ఆయన వెనక దారంతా చూసింది, చాలా దూరం దాకా.

"నాను ఇక్కడే కూకున్నాను. నీ ఎనక ఎవులొచ్చినారు బావూ?"

"ఎవరూ రాలేదమ్మా."

"పొగ వాసనేటైనా వచ్చిందా?"

"ఇక్కడికొచ్చాక వచ్చింది. అంతకుముందు లేదు" అన్నారాయన. "యూనివర్సిటీ అంతా ధూమపాన నిషిద్ధ ప్రదేశం కదమ్మా మరి."

"అదేటో నాకు తెల్దు" అంది బుల్లమ్మ. కళ్లు తుడుచుకుని చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. వీసీ గారు చూడనట్టు లైబ్రరీ గోపురం వైపు చూశారు. లైబ్రరీకి గోపురం లేదు.

నివేదికలో జగన్నాధం గారు రేకులన్నీ ఉంచమని రాశారు. నాలుగో మెట్టు బాగుచేయించి, ఆ తరవాత ఆ మాట తీసేయమన్నారు. పంపుహౌసు గొయ్యి ఆ వారమే పూడ్చమన్నారు. చివర్లో ఇంకొక వాక్యం ఉంది: "పైనున్న అక్షరాల భాషను కిందనున్న చుక్కల భాషకు తగినట్లు సవరించవలెను." పదహారేళ్ల సర్వీసులో నా తెలుగుని ఎవరూ అంత మాట అనలేదు. "కడుక్కునే" ఒక్కటి మార్చాలని వీసీ గారు పట్టుబట్టారు. దాని బదులేం రాస్తారని అందరూ నా వైపు చూశారు.

"ఎడమ అని రాద్దామండి" అన్నాను.

*

మర్నాడు పొద్దున్న బుల్లమ్మ వెళ్లిపోయింది, ఒక్క సంచీతో. బస్సెక్కే ముందు గౌరి గడ్డం పట్టుకుని, "నాను లేకపోయినా బోర్డులకాడ ఉంటాను గదేటి. నా మాట ఇను" అంది. బస్సు కదిలాక గౌరి గేటు నుంచి వెనక్కి తిరిగి నడిచింది. నాకు ఆఫీసుకి వేళ కాలేదు. అంచేత ఇరవై అడుగుల వెనక నేనూ నడిచాను. ఊరికే.

మూడు దారుల దగ్గర ఆ పిల్ల ఆగి, "సార్, మీ సెప్పులు కిర్రుమంటన్నాయి. ఎల్లి మీ పని సూసుకోండి" అంది వెనక్కి తిరక్కుండా.

వెళ్లాను. వెళుతూ ఉంటే ఒక సందేహం వచ్చింది. పరిపాలనా సౌధంలో, నా గది గుమ్మం పక్కన కూడా ఒక రేకు ఉంది. మా ఇంజనీరింగ్ సెక్షన్‌కి నేను రాసిచ్చింది "అభియంత్రణ విభాగము". ఇప్పుడు అక్కడేముంది? గౌరినడిగితే, "నేర్సుకుని సదూకోండి సార్" అంది. ధర్మేంద్రనడిగితే పొట్ట పట్టుకున్నాడు.

నేర్చుకున్నాను. ధర్మేంద్రే నేర్పాడు, క్యాంటీనులో టీ ఇప్పించుకుని. ఈ వయసులో వేళ్లకి అక్షరాభ్యాసమంటే మాటలు కాదు. నలభై రోజులు పట్టింది. నిన్న సాయంత్రం అందరూ వెళ్లిపోయాక గుమ్మం దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, ఒక్కొక్క చుక్కే కూడబలుక్కుని చదివాను.

"ఇక్కడ సీతారామారావు బావు కూకుంటాడు. అరుస్తాడు, బయపడకు. తప్పు సేస్తే ఒప్పుకుంటాడు."

ఆ చుక్కలు పొడిచేనాటికి నేనింకా ఏ తప్పూ ఒప్పుకోలేదు. రేకు బిగించింది నవంబరులో, నేను ఒప్పుకున్నది డిసెంబరులో. ముసలిదానికి నాలో ఏం కనిపించిందో, ఆ కట్లు చూసి నేను నోరు మూసుకున్న రోజునే చూసేసిందో.

"బయపడకు"లో భకి ఒత్తు లేదు. దిద్దించలేదు.